బాయి పని విద్య ఎవరి ద్వారా ఎవరికి చేరుతుంది?

మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 600 మెగావాట్ల యూనిట్లు రెండు, 2016లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889 నాటిది. అంటే పాత బాయి పని, కొత్త కరెంటు పని ఇప్పుడు ఒకే సంస్థలో పక్కపక్కనే సాగుతున్నాయి.

దగ్గరి పరిచయాలు: బాయి పని చాలావరకు మనిషి పక్కన నిలబడి నేర్చుకునేదే. సీనియర్ కార్మికుడు కడ్డీతో పైకప్పును కొట్టి చప్పుడు వింటాడు. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే పొర విడిపోయినట్టే. ఈ తేడా పక్కనున్న వాడి చెవికి ఎక్కుతుంది, కాగితం మీద ఎక్కదు. ఒకే షిఫ్ట్, ఒకే క్యాంటీన్, ఒకే యూనియన్ వాళ్ల మధ్య ఇలాంటి మాట తొందరగా పాకుతుంది.

దూరపు పరిచయాలు: దగ్గరి వాళ్లకు తెలిసినవి ఎక్కువగా మనకు తెలిసినవే. కొత్త సమాచారం తరచూ అంతగా పరిచయం లేని వాళ్ల ద్వారా వస్తుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాశారు. బొగ్గులో రాళ్లు, తేమ పెరిగితే మిల్లులకు ఏమవుతుందో ప్లాంట్ వాళ్లకు తెలుసు. అవి ఎక్కడ, ఎందుకు కలుస్తాయో బాయి వాళ్లకు తెలుసు. రెండు వైపులా తెలిసిన మనిషి ఒక్కరున్నా కబురు ముందే చేరుతుంది.

బయట మిగిలేవాళ్లు: పరిచయాల మీదే నడిస్తే కొత్తగా చేరినవాళ్లు, కాంట్రాక్ట్ కార్మికులు వెనకబడతారు. వేరే చోట అది పనిలో ఆలస్యం, బాయిలో ప్రాణం మీదికొచ్చే సంగతి. మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు పనిలోకి దిగే ముందే శిక్షణ తప్పనిసరి చేశాయి. ఎవరితో దోస్తీ ఉన్నా లేకున్నా అందరికీ అందాల్సిన విద్య అది.

వాట్సాప్ సంగతి: గ్రూపు మెసేజ్ బాయి బయట పనికొస్తుంది. గ్యాస్ ఉన్న భూగర్భంలోకి మామూలు సెల్‌ఫోన్ తీసుకెళ్లకూడదు. పైగా ఫార్వర్డ్ మెసేజ్‌లో రాసినవాడెవరో, ఏ రోజుదో తెలియదు. పని చోటు ఎలా ఉందో దిగబోయే షిఫ్ట్‌కు సర్దార్, ఓవర్‌మెన్ రాసి చెప్పే రిపోర్టుకు అది బదులు కాదు.