విశాలదృశ్య ఛాయాచిత్రణము

విశాలమైన భూభాగమును ఒక్క ఛాయాచిత్రమున ఇముడ్చుట కష్టము. అందుచేత పూర్వులు దానిని ముక్కలుగా తీసి జోడించిరి. 1858లో ఫెలీస్ బియాటో లక్నో నగరమును ఇట్లే చిత్రించెను. ఆ కాలపు తడిపలకల పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, తడి యారకముందే చిత్రము తీసి కడుగవలెను. రెండవ పలక సిద్ధమగునప్పటికి నీడలు జరిగెడివి, అతుకులు కనబడెడివి. 1880 ప్రాంతమున పొడిపలకలు విరివిగా రాగా పని సులభమయ్యెను.

హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ (1844–1905) గాజుపలకలపై కోటలను, మేడలను నిలిపెను. ఆయన సంస్థవారి 2,857 పలకలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి.

ఈ విద్యను నేను హఫీజ్‌పేటలో అభ్యసించితిని. కెమేరాను ముక్కాలిపై సమముగ నిలిపి, కటకమే ఇరుసుగా త్రిప్పవలెను. లేనిచో దగ్గరి రాయి దూరపు మేడ ముందు చోటు మారును. ప్రతి చిత్రమున మూడవవంతు ప్రక్కదానితో కలియవలెను. వెలుతురు కొలత మార్చరాదు. పూర్వము కత్తెరయు జిగురును చేసిన కూర్పును నేడు కంప్యూటరు చేయుచున్నది.

అయితే ఈ యంత్రము అతుకును మరుగుపరచును; నడచువాని నొకనిని ఇద్దరిగా చూపగలదు, ఉన్నవానిని లేనివానిగా చేయగలదు. రాతిగుట్టలు పగిలి అద్దాల మేడలు లేచిన ఈ ప్రాంతమున, చెరువుగట్టు ఎందాక నుండెనో చెప్పు చిత్రము దస్తావేజుతో సమానము. కావున మీ యూరి చెరువును, పొలిమేరను ఏటేట ఒక్క తావుననే నిలిచి తీయింపుడు. వెనుక తేదీయు, తావును వ్రాయింపుడు. అతుకు కనబడినను లోపము లేదు, సాక్ష్యము చెడరాదు.