వేగదేవుడికి నైవేద్యం

తల కాస్త వంచి లోపలికి రండి. అడుగు చూసి వేయండి, నేలంతా ఇనప రజను. ఇది ఇల్లూ, షెడ్డూ రెండూ. ఒక గోడ వారగా మంచం, ఎదురుగా లేత్ మిషను, మధ్యలో మోటారు సైకిలు. న్యూజిలాండ్ దక్షిణపు కొసన, ఇన్వర్కార్గిల్ ఊళ్లో ఉన్నాం. 1960వ సంవత్సరం, జూలై నెల. అక్కడ జూలై అంటే నడి చలికాలం. సముద్రం మీంచి వచ్చే గాలి బయట విసురుగా కొడుతోంది. లోపల మాత్రం మంట మీద అల్యూమినియం కరుగుతోంది కాబట్టి వెచ్చగా ఉంది.

మంట ముందు వంగి నిలబడ్డ మనిషి పేరు బర్ట్ మన్రో. వయసు 61. పగిలిన పాత పిస్టన్లూ, దొరికిన తుక్కూ అన్నీ కలిసి కరిగాయి. పట్టకారుతో ఎత్తి, ఆ ద్రవాన్ని ఓ పాత రేకు డబ్బాలోకి వంచుతున్నాడు. కాస్త వెనక్కి జరగండి, డబ్బాలో చెమ్మ ఉంటే చిందుతుంది. అది చల్లారి గట్టిపడ్డాక లేత్ మీద చెక్కాలి, ఆకురాయితో రుద్దాలి, కొలవాలి, మళ్లీ రుద్దాలి. కొలిచే పరికరాల్లో ఒకటి పాత చక్రం స్పోక్‌తో ఆయనే చేసుకున్నది. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లను ట్రాక్టర్ ఇరుసు నుంచి చేత్తో చెక్కి తీస్తాడు. సిలిండర్ బ్యారెళ్లకు పాత గ్యాస్ పైపుల పోత ఇనుము వాడతాడు. కొనడానికి డబ్బు లేక మొదలైన పని ఇది. ఇప్పుడు డబ్బున్నా ఇలాంటివి కొట్లో దొరకవు. ప్రపంచంలో ఈ ఇంజను ఒక్కటే ఉంది, దాని కొలతలు ఆయనకే తెలుసు.

బండి దగ్గరకు రండి. దీని పేరు ఇండియన్ స్కౌట్. పేరు అలా ఉన్నా మన దేశానిది కాదు, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో తయారైంది. 1920లో కొన్నాడు మన్రో, అప్పటికి ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. 600 సీసీ ఇంజను, రెండు సిలిండర్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని గరిష్ఠ వేగం గంటకు 88 కిలోమీటర్లు. 1926లో దాని ఇంజను విప్పి మార్పులు మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆ పని ఎప్పుడూ పూర్తి కాలేదు, పూర్తి కావాలని ఆయన అనుకున్నట్టూ లేదు.

ఏం మార్చాడని అడిగితే, ఏం మార్చలేదో చెప్పడం తేలిక. పాత ఇంజన్లో వాల్వులు సిలిండరు పక్కన ఉండేవి. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం లోపలికి రావాలంటే వంకర దారిన తిరిగి రావాలి. వేగం పెరిగే కొద్దీ ఇంజనుకు ఊపిరి అందదు. మన్రో వాల్వుల్ని తలమీదకు ఎక్కించాడు, దారి తిన్ననైంది. క్యామ్‌లు మార్చాడు. ఫ్లైవీల్ మార్చాడు. నూనె ప్రసరించే పద్ధతి మార్చాడు. సిలిండర్ల బోర్, అంటే లోపలి వెడల్పు, పెంచుకుంటూ పోయాడు: 600 సీసీ కాస్తా 850 అయింది, తర్వాత 920, చివరికి 950. ఇలా పెంచిన ప్రతిసారీ లోపల ఏదో ఒకటి భారం ఓర్వలేక విరిగేది. విరిగిన చోట ఇంకా గట్టి భాగం చేసి పెట్టేవాడు. దాంతో బండి ఇంకాస్త పరుగెత్తేది, ఆ పరుగులో వేరే చోట విరిగేది.

అదిగో, గోడకున్న ఆ అర చూడండి. కరిగిపోయిన పిస్టన్లు, మెలితిరిగిన రాడ్లు వరసగా పేర్చి ఉన్నాయి. పైన రాసి పెట్టుకున్నాడు, వేగదేవుడికి నైవేద్యాలని. ఒక్కటి చేతిలోకి తీసుకోండి. అంచున పగులు ఎక్కడ మొదలైందో బొటనవేలికి తెలుస్తుంది. వారాల తరబడి పట్టిన పని ఒక్క క్షణంలో ఇలా అవుతుంది. ఆయన దాన్ని పారేయడు. అర మీద పెట్టి మళ్లీ మంట రాజేస్తాడు.

మన ఇళ్లలో అరవై నిండితే షష్టిపూర్తి చేసి, ఇక కృష్ణా రామా అనుకుంటూ కూర్చోమంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ప్రేమ ఒక సంగతి మర్చిపోతుంది. నలభై ఏళ్లు ఒకే పని మీద కూర్చున్న చేతికి అరవై తర్వాతే కొన్ని విషయాలు తెలుస్తాయి. మన్రో 1940ల చివర్లో ఉద్యోగం మానేసి ఈ బండికే కాలమంతా ఇచ్చాడు. 1950ల చివర్లో గుండెనొప్పి మొదలైంది, అది ఇక వదల్లేదు. ఇరవై ఒకటో ఏట ఆయన దగ్గర ఉన్నది ఒళ్లు మాత్రమే. అరవై ఒకటో ఏట అంత ఒళ్లు లేదు గాని, ఈ ఇంజను ఏ చప్పుడు చేస్తే లోపల ఏం జరుగుతోందో చెప్పగల చెవి ఉంది. వేగానికి రెండోదే ఎక్కువ అవసరమని నా నమ్మకం.

ఊరికి పడమర, ఒరెటి బీచ్‌కి పోదాం. సముద్రం వెనక్కి తీసిన వేళ ఇక్కడి తడి ఇసుక సిమెంటు రోడ్డంత గట్టిగా ఉంటుంది, కనుచూపు మేర సాఫీగా. మన్రో చిన్నప్పటి నుంచీ ఎరిగిన నేల ఇది. 1957లో, యాభై ఎనిమిదో ఏట, ఇక్కడే స్కౌట్ మీద గంటకు 131.38 మైళ్లు, అంటే 211 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఇసుక మీద నిలబడి వింటే బండి కనిపించక ముందే మోత వస్తుంది. తర్వాత ఓ చుక్క. మీరు కళ్లు చికిలించేలోగా ఆ చుక్క మనిషై, ఉప్పునీటి తుంపర మొహాన కొట్టి, మీ ఎడమ వైపు మళ్లీ చుక్క అయిపోతుంది. మళ్లీ పోటు వచ్చేలోగా అంతా సర్దుకుని ఇంటికి పోవాలి. బండి మాత్రం ఇంకా పోగలదని ఆయనకు తెలుసు. దానికి ఈ తీరం చాలదు.

చాలే నేల అమెరికాలో, యూటా రాష్ట్రంలో ఉంది. పేరు బోన్‌విల్. ఒకప్పటి మహాసరస్సు ఎండిపోయి మిగిల్చిన ఉప్పు మైదానం. చలికాలంలో నీరు నిలుస్తుంది, ఎండలు ముదిరాక గట్టిపడి తెల్లగా, నున్నగా పరుచుకుంటుంది. మన్రో అక్కడికి పదిసార్లు వెళ్లాడు. మొదటిసారి ఊరికే చూడటానికి. 1962లో, అరవై మూడో ఏట, 850 సీసీ ఇంజనుతో 883 సీసీ తరగతిలో గంటకు 288 కిలోమీటర్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. 1966లో పై తరగతిలో ఇంకొకటి.

ఇప్పుడు 1967, ఆగస్టు 26. ఆయనకు 68 ఏళ్లు, బండికి 47.

ఈసారి ఒడ్డున నిలబడి చూడటం కాదు, ఆయన చోట మీరే పడుకోండి. చుట్టూ కోసుగా పొడవాటి ఫైబర్‌గ్లాస్ డొల్ల, గాలిని చీల్చడానికి. కూర్చోవడానికి చోటు లేదు. బోర్లా పడుకుని, ఛాతీ బండికి ఆనించి, గడ్డం ముందుకు పెట్టాలి. మీ కడుపు కిందే ఇంజను. వెనక నుంచి తోస్తున్నారు, చక్రాలు ఉప్పు మీద కరకరలాడుతున్నాయి. క్లచ్ వదలండి. ఒక్క కుదుపు, పక్కటెముకల్లో మోత. ముందు అద్దంలోంచి కనిపించేది రెండే: తెలుపు, దాని మధ్య దారి చూపే నల్ల గీత. దూరాన కొండలు నేలను అంటకుండా తేలుతున్నట్టు కనిపిస్తాయి, అది ఎండమావి. వాటిని చూడొద్దు, గీత చూడండి.

గేరు మార్చారు. ఈ మైదానం సముద్ర మట్టానికి దాదాపు 1,286 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన, ఇంజనుకు దొరికే ఊపిరి తక్కువ. కానీ అదే పలచన వల్ల మిమ్మల్ని వెనక్కి నెట్టే గాలీ తక్కువే. మోత ఇప్పుడు సన్నని కేకగా మారింది. థ్రాటిల్ ఇంకా ఉంది. తిప్పండి. నల్ల గీత సన్నబడి, దారంలా వణుకుతోంది. గంటకు 300 కిలోమీటర్లు దాటాక మైలు గడవడానికి 19 సెకన్లు చాలు. ఆ 19 సెకన్లూ రేకు డబ్బాలో పోసిన పిస్టన్లు సిలిండర్లలో పైకీ కిందకీ కొట్టుకుంటూనే ఉన్నాయి. పగల్లేదు.

అర్హత కోసం ఒక్క వైపు తీసిన పరుగులో గంటకు 305.89 కిలోమీటర్లు. ఇండియన్ బండి మీద అధికారికంగా నమోదైన అత్యధిక వేగంగా చెప్పుకునేది దీన్నే. రికార్డుకు మాత్రం అటూ ఇటూ రెండు పరుగుల సగటు కావాలి. ఆ సగటు 295.453 కిలోమీటర్లు, 1000 సీసీ లోపు తరగతిలో ప్రపంచ రికార్డు. చాలా ఏళ్ల తర్వాత ఆయన కొడుకు ఆ లెక్క మళ్లీ వేసి చూశాడు, సగటు కట్టడంలో పొరపాటు బయటపడింది. 2014లో రికార్డులు నమోదు చేసే మోటారు సైకిల్ సంఘం ఆ అంకెను 296.2593 కిలోమీటర్లకు సవరించింది. మన్రో చనిపోయిన 36 ఏళ్లకు ఆయన వేగం పెరిగింది.

ఆ ఏడాది ఉప్పు మీద జరిగిన ఇంకో సంగతి ఆయనే చెప్పాడు. సగం దారి దాటాక బండి ఊగడం మొదలైంది. ఇలాంటి డొల్లల్లో గాలి నొక్కే చోటు బరువు కేంద్రం కన్నా ముందుకొస్తే ముక్కు పక్కకు పోతుంది, సరిచేసే కొద్దీ ఊపు పెరుగుతుంది. వేగం తగ్గించడానికి ఒళ్లు పైకి లేపాడు. గాలి కళ్లజోడు ఊడబెరికింది, కళ్లు గుంటల్లోకి నొక్కుకుపోయి ఏమీ కనబడలేదు. గీత వదిలి ఎటో పోతూ ఓ ఇనప గుంజను అంగుళాల తేడాలో తప్పించుకుని, బండిని పక్కకు పడేశాడు. నాలుగు గీతలు తప్ప దెబ్బల్లేవన్నాడు. ఇది గొప్పగా చెప్పుకోవలసిన విషయమని నేను అనను. అది ప్రాణాంతకమే, ఆయనకూ తెలుసు. తెలిసి కూడా ఆ తర్వాత మళ్లీ ఉప్పు మీదకు వెళ్లాడు.

2005లో ఆంథనీ హాప్కిన్స్ నటించిన ‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ సినిమా చూసినవాళ్లకు ఈ కథ ఒక్క ప్రయాణంగా గుర్తుంటుంది. ముసలాయన వెళ్లాడు, గెలిచాడు, వచ్చాడు. సినిమా నాకు ఇష్టమే. దాని దర్శకుడు రోజర్ డొనాల్డ్‌సన్ 1971లోనే మన్రో మీద డాక్యుమెంటరీ తీసినవాడు, మనిషిని ఎరిగి తీశాడు. అయినా రెండు గంటల్లో ఇమడనిది ఒకటుంది, ఆ షెడ్డులో గడిచిన వేల మామూలు రాత్రులు.

1977లో పక్షవాతం వచ్చాక చేతులు ఆయన మాట వినడం తగ్గింది. స్కౌట్ తమ ప్రాంతం దాటిపోకూడదని, ఊళ్లోనే హేయ్స్ హార్డ్‌వేర్ కొట్టు నడిపే నార్మన్ హేయ్స్‌కు అమ్మేశాడు. 1978 జనవరి 6న, 78వ ఏట కన్నుమూశాడు. ఇప్పుడు మీరు డీ స్ట్రీట్‌లో ఆ కొట్టుకు వెళ్తే, మేకులూ సుత్తులూ కొనుక్కునేవాళ్ల మధ్యే స్కౌట్‌ను చూడొచ్చు.

ఫిబ్రవరిలో వెళ్తే ఇంకా మంచిది. 2006లో మొదలైన బర్ట్ మన్రో ఛాలెంజ్ అప్పుడు జరుగుతుంది: బ్లఫ్ కొండ మీదకు ఎక్కే పోటీ, వీధుల్లో పరుగు, ఒరెటి బీచ్ మీద రేసు. బీచ్ రేసు వేళను నిర్ణయించేది ఆటుపోట్ల పట్టిక, నిర్వాహకులు కాదు. అందుకే అందరూ ముందే వచ్చి ఇసుక మీద కాచుకుని ఉంటారు. హెల్మెట్ తీసినప్పుడు నెరిసిన తలలు చాలానే కనిపిస్తాయి. మోకాళ్లు రుద్దుకుంటూ ఒకరు స్పార్క్ ప్లగ్ మారుస్తున్నారు, పక్కన మనవరాలు పానా అందిస్తోంది. సముద్రం వెనక్కి తీసింది. జెండా ఊగగానే అందరూ ఒక్కసారిగా థ్రాటిల్ తిప్పుతారు. వెనక చక్రాల ఇసుక మీ నోట్లో పడుతుంది. వెనక్కి జరగండి, తర్వాతి వరస కూడా బయల్దేరబోతోంది.