బోగోలు చవుడు నేల, 1010 వడ్లు, ఒక ఆపేసిన జీను

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మా బోగోలు వెళ్ళాలంటే బిట్రగుంట స్టేషన్లో దిగాలి (ఒకప్పుడు బొగ్గింజన్ల షెడ్డుకి పేరున్న ఊరు. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు). సముద్రం వైపు మా మామకి మూడెకరాలుంది. పక్కనే ఎవరివో రొయ్యల గుంటలు. ఆ గుంటల్లో ఉప్పునీళ్ళు ఊరి ఊరి, గట్టు పక్కనున్న ఎకరంలో నారు పచ్చబడే లోపే కొసలు మాడిపోతోంది. "ఏందబ్బయ్యా, కంప్యూటర్లు చేస్తారు, ఈ ఉప్పుకి మందు లేదా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. తిరిగొచ్చాక నాలుగు రాత్రులు కూర్చుని చదివాను. ఇది ఆ చదువు.

ఉప్పు నేలలో మొక్కకి రెండు తిప్పలు. చుట్టూ నీళ్ళున్నా వేరు పీల్చుకోలేదు, అంటే తడిలోనే కరువు. రెండోది, సోడియం లోపలికి చేరి పొటాషియం చేసే పనుల్ని చెడగొడుతుంది. అందుకే కరువునీ ఉప్పునీ శాస్త్రవేత్తలు తరచూ కలిపే చదువుతారు.

ఈ కథలో మొదటి పెద్ద అడుగుల్లో ఒకదాంట్లో మన తెలుగాయన ఉన్నారు. తర్వాత ఉస్మానియాలో జెనెటిక్స్ ప్రొఫెసర్ గా పేరు తెచ్చుకున్న పి.బి. కవికిశోర్, 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ లో దేశ్ పాల్ వర్మ బృందంతో కలిసి, రాజస్థాన్ లో పండే మోత్ అనే చిన్న పప్పు మొక్క నుంచి పి5సిఎస్ అనే జీను తీసి పొగాకులో పెట్టారు. ఆ జీను ప్రోలిన్ అనే ఎమినో ఆమ్లం తయారీలో కీలకం. కరువులో చాలా మొక్కలు ప్రోలిన్ పోగేసుకుంటాయి. ఆ పొగాకులో మామూలు మొక్కల కంటే 10 నుంచి 18 రెట్లు ఎక్కువ ప్రోలిన్ చేరింది, ఉప్పునీళ్ళకీ బాగా తట్టుకుంది.

మన కోడ్ రివ్యూ లాంటిది అక్కడా ఉంటుంది కదా :) 1996లో బ్లమ్, మన్స్, పాసియోరా, టర్నర్ కలిసి అదే పత్రికలో ఆకు రసం లెక్కల్ని అలా అర్థం చేసుకోవచ్చా అని గట్టిగా అడిగారు. నాకు ఆ ఘట్టం నచ్చింది. కుండీలో బతికిన మొక్కకీ పొలంలో పండిన పంటకీ ఉన్న తేడా ఆ రోజుల నుంచీ వెంటాడుతూనే ఉంది.

తర్వాత దారి వరి వైపు మళ్ళింది. కేరళ పొక్కాలి, బెంగాల్ నోనా బోక్రా... ఉప్పునీటి అంచున తరతరాలుగా రైతులు దాచుకున్న రకాలివి. 2005లో షాంఘైలో లిన్ హాంగ్‌షువాన్ బృందం నోనా బోక్రా నుంచి ఎస్‌కెసి1 అనే జీను పట్టుకుంది. వేరు నుంచి ఆకుకి ఎక్కుతున్న సోడియాన్ని దారిలోనే వెనక్కి లాగే రవాణా ప్రొటీన్ అది. ఈ పని రైతులు ముందే చేశారు, ల్యాబ్ వాళ్ళు పేరు పెట్టారు అని మామ అంటే కాదనలేను.

అదే బృందం 2009లో ఇంకోటి చెప్పింది, అది ఇంకా విచిత్రం. వరిలో డిఎస్‌టి అనే జీను ఉంది. అది పనిచెయ్యకుండా పోతే మొక్కకే మంచిదట! ఆకుల మీద రంధ్రాలు తగ్గి, ఉన్నవి కూడా మూసుకుంటాయి, నీళ్ళు తక్కువ ఆవిరవుతాయి. కొత్త ఫంక్షన్ రాయడం కాదు, ఉన్న లైను కామెంట్ చెయ్యడం అన్నమాట.

ఇక్కడే మన కథ మళ్ళీ మన ఊరికొస్తుంది. ఢిల్లీ పూసా సంస్థ వాళ్ళు ఈ జీనుని ఆపడానికి ఎంచుకున్న రకం ఏదనుకున్నారు? ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు. పశ్చిమ గోదావరి మార్టేరులో కృష్ణవేణి, ఐఆర్64 కలిపి తీసిన రకం. మా మామ వేసేదీ అదే! 2020లో వాళ్ళు క్రిస్పర్ తో డిఎస్‌టిలో 366 అక్షరాలు కత్తిరించిన మొక్కల గురించి రాశారు. 2022 మార్చిలో కేంద్రం, బయటి జీను మిగలని ఇలాంటి ఎడిటింగ్ కి జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న 'పూసా డిఎస్‌టి రైస్ 1' పేరుతో ప్రకటించారు. ఉప్పు, చవుడు నేలల్లో దిగుబడి 9.66 నుంచి 30.4 శాతం పెరుగుతుందని ప్రభుత్వ లెక్క. ట్రయల్స్ గణాంకాలు దానికి సరిపోవటం లేదని జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు అదే ఏడాది ఆరోపించాయి. నేను వ్యతిరేకిని కాదు, కానీ మా మామ ఎకరం మీద బీటా టెస్టింగ్ చెయ్యమని మాత్రం చెప్పలేను.

ఫోన్ చేసి ఇదంతా చెప్తే, "ఆ విత్తనం నాకెప్పుడిస్తారు?" అన్నాడు. ముందు మట్టి పరీక్ష చేయించమన్నాను. మట్టి ఉప్పుదనం 3 డెసిసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలై, ఆపైన ఒక్కో యూనిట్ కి 12 శాతం చొప్పున పడిపోతుందని పాత లెక్క ఒకటుంది. గట్టు పక్క ఎకరం ఎంత ఉందో తెలియకుండా ఏ జీను గురించి మాట్లాడినా గాలిలో మాటే. "సరే, రేపే మట్టి తవ్వుతా" అన్నాడు. తర్వాత, "గుంటలోళ్ళ నీళ్ళు ఆపే జీను ఏమైనా ఉందేమో చూడబ్బయ్యా" అని పెట్టేశాడు.