గరిడీ మన్నూ, రాజుగారి కొలువూ

విజయనగర రాజ్యంలో సైన్యానికి మనిషిని తీసుకునే ముందు అతని బట్టలు విప్పించి చూచేవారు. ఇది మేము కల్పించి చెబుతున్న మాట కాదు. కన్ననూరులో పోర్చుగీసువారి కొలువులో ఉండి, 1516 ప్రాంతంలో ఈ దేశపు సంగతులు వ్రాసిపెట్టిన దువార్తె బార్బోసా చెప్పిన మాట. కొలువు కోరి వచ్చినవాని ఎత్తు కొలిచేవారు. ఒంటిమీద మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నవో వెదికేవారు. ఏ ఊరివాడు, తండ్రి ఎవరు, తల్లి ఎవరు అని అడిగి అదంతా జీతాల పుస్తకంలో ఎక్కించేవారు. ఆపైన అతనికి మంచి జీతమే ముట్టేది గాని, సెలవు పుచ్చుకొని సొంత ఊరికి వెళ్లిరావడం మాత్రం మహా కష్టమయ్యేది.

మచ్చలు వ్రాసుకోవడం, ఒకని పేర మరొకడు వచ్చి జీతం పుచ్చుకొనిపోకుండా ఉండటానికే అయి ఉండాలి. ఫొటోలు లేని రోజులు గదా! కాని ఎత్తు కొలవడం, కండ చూడడం వేరు సంగతి. అది పరీక్ష. ఆ పరీక్షకు నిలబడే దేహం ఒక్కనాటిలో రాదు. ఎక్కడో, ఎవరి దగ్గరో, కొన్ని ఏండ్లపాటు ఒళ్లు వంచితేనే వస్తుంది. కన్నడ, తమిళ దేశాలలో స్థిరపడిన మన కుటుంబాలు అనేకంలో "మా పెద్దలు రాయలవారి దండుతో వచ్చారు" అని చెప్పుకొనే వాడుక ఉన్నది. ఆ దండులో చోటు దొరకడానికి ఆ పెద్దలు ఏమి పాట్లు పడ్డారో చెప్పేవారు మాత్రం అరుదు. ఉగాది సంచికలో ఈ గరిడీ మన్ను ప్రస్తావన తెచ్చినది అందుకే.

సాము నేర్చే చోటును మనవారు సాముకూటమనీ, గరిడీ అనీ అన్నారు. తాలీంఖానా అనే మాట తరువాత వచ్చింది. వస్తువు మాత్రం చాలా పాతది. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు (పాలన 1126–1138) తన 'మానసోల్లాసం'లో మల్లులకొక ప్రకరణమే కేటాయించాడు. వారిలో తరగతులున్నవి. అందరికంటె పైవాడు జ్యేష్ఠికుడు. మల్లుల పోషణ రాజుదే. పాలు, నెయ్యి, మాంసం వగైరా పుష్టికరమైన తిండి పెట్టించాలి. వారు చేయవలసిన శ్రమలు కూడా అందులో చెప్పబడినవి. బరువులెత్తడం భారశ్రమ. తిరగడం భ్రమణశ్రమ. నీటిలో ఈదడం సలిలశ్రమ. ఇవి గాక చేతులకు వేరుగా ఒక సాధన, నిలువుస్తంభాన్ని పట్టుకొని చేసే సాధన మరొకటి. తొమ్మిది వందల ఏండ్ల క్రిందటి పట్టిక ఇది! నేటి సైనిక శిక్షణాలయాలలో పరుగు, ఈత, బరువు, తాడు ఎక్కడం చూచినవారికి ఇందులో క్రొత్త ఏమున్నదని తోచవచ్చు. క్రొత్త లేకపోవడమే మాకు వింతగా తోచినది. మనిషి దేహం మారలేదు గనుక దానిని గట్టిపరచే ఉపాయాలూ పెద్దగా మారలేదు.

ఈ సాధనలలో ఏదీ ఊరికే పెట్టినది కాదు. దండేలు తీస్తే డాలు పట్టే భుజం నిలుస్తుంది. గుంజీలు తీస్తే గంటల తరబడి కదలకుండా నిలుచునే తొడబలం వస్తుంది. సంగడం త్రిప్పేవాని మణికట్టుకు కత్తి బరువు కాదు. తుంగభద్ర, కృష్ణ వంటి నదులు దాటి పోరాడవలసిన దండుకు ఈత విలాసం కానేకాదు. కుస్తీ ఎందుకంటారా? ఆయుధం చేజారిన క్షణంలో మిగిలేది అదొక్కటే.

విజయనగరంలో ఈ సాధన క్రిందివారికి మాత్రమే విధించినది కాదు. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని కంటితో చూచిన దోమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే లేచి ముప్పాతిక పింటు నువ్వులనూనె త్రాగేవాడట. అంటే ఇప్పటి కొలతలో 400 మిల్లీలీటర్ల పైచిలుకు. ఆ నూనెనే ఒంటికి పట్టించుకొని, గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తేవాడు. తరువాత కత్తి పట్టి, పట్టించిన నూనె అంతా చెమటై కారిపోయేదాకా సాము చేసేవాడు. అంతటితో విడిచాడా? తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడు. ఆ తరువాత గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో అటూ ఇటూ పరుగెత్తించేవాడు. స్నానం, దైవదర్శనం, కొలువు అన్నీ ఆపైనే.

రాయలవారు సన్నగా, నాజూకుగా ఉండేవారని మన బొమ్మలలోనూ సినిమాలలోనూ చూస్తుంటాము. పాయెస్ అలా చెప్పలేదు. నడితరం ఎత్తు, చక్కని ఛాయ, సన్నపాటి కంటె కొంచెం లావుపాటి ఒళ్లు, ముఖాన మశూచి మచ్చలు అని వ్రాశాడు. ఆ ఒంటితో ఆయన రోజూ మల్లునితో పట్టుపట్టేవాడు. దండులో చేరగోరిన పల్లెటూరి కుర్రవానికి ఇంతకంటె పెద్ద ఆదర్శం మరొకటి అక్కరలేదు గదా!

ఇక పరీక్ష నలుగురిలో జరిగేది మహానవమి తొమ్మిది రోజులలో. రాజు ఎదుట మల్లయుద్ధాలు. పాయెస్ వర్ణన చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అది తమ దేశపు కుస్తీ వంటిది కాదనీ, దెబ్బలకు పళ్లు రాలేవనీ, కళ్లు పోయేవనీ, మాట పడిపోయిన వారిని స్నేహితులు మోసుకొనిపోయేవారనీ అంటాడు. సమానమైన జోడీలను దింపడానికి నాయకులు, గెలుపు నిర్ణయించడానికి న్యాయనిర్ణేతలు ఉండేవారట. ఆడ మల్లులు కూడా ఉండేవారు. పండుగ ముగిసిన తరువాత రాజు నగరం వెలుపల సైన్యమంతటినీ బారులు తీర్పించి కంటితో చూచుకొనేవాడు. హోసపేట మీదుగా హంపీ వెళ్లిన మన పాఠకులు మహానవమి దిబ్బ ఎక్కే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు ఎక్కే తొందర మాని, దిబ్బ చుట్టూ రాతి వరుసలలో చెక్కిన మల్లులను ఒక్క ఘడియ నిలిచి చూడమని మా మనవి.

1565 యుద్ధంతో ఆ నగరం పాడైంది. రాజధాని పెనుకొండకూ, అటుపైన చంద్రగిరి, వేలూరులకూ తరలింది. అప్పటికే తంజావూరు, మధుర, చెంజిలలో తెలుగు నాయకులు పాలిస్తున్నారు. దండులతోపాటు సాము నేర్పేవారూ దక్షిణానికి దిగారు. 'జగజెట్టి' అనే మాట మనందరికీ తెలుసు. అందులోని జెట్టి, 'జ్యేష్ఠి' నుంచి వచ్చినదని పండితులంటారు. పైన చెప్పిన జ్యేష్ఠికుడు దానికి చుట్టమే. జెట్టి అనేది ఒక కులం పేరు కూడా. 1909లో దక్షిణ భారత కులాలపై ఏడు సంపుటాల గ్రంథం వెలువరించిన థర్‌స్టన్, జెట్లను తెలుగు మల్లుల కులంగా పేర్కొన్నాడు. తంజావూరులోని జెట్లు చుట్టూ తమిళమే ఉన్నా తెలుగే మాట్లాడతారనీ, తంజావూరు రాజుల కాలంలో ఖజానాకూ, నగల గదులకూ కాపలా కాసేవారనీ వ్రాశాడు. నగల గదికి కాపలా ఎవరికి ఇస్తారు? బలమున్నవానికి మాత్రమే ఇవ్వరు, నమ్మకమున్నవానికి ఇస్తారు. గరిడీలో గురువు ఎదుట పెరిగినవాని నడవడి ఊరందరికీ తెలిసి ఉంటుంది. ఆ ఎరుకే అతనికి సగం సిఫారసు అని మా అభిప్రాయం.

జెట్ల కథ అంతా కీర్తి కాదు. మైసూరులో హైదరు, టిప్పుల కాలంలో మరణదండన అమలుపరచే పని కూడా వారిచేత చేయించారు. మెడ విరిచి చంపే ఆ పద్ధతిని ఇంగ్లీషు ఖైదీలు భయంతో వ్రాసుకొన్నారు. రాజు పెంచిన కండ రాజు చెప్పిన పనే చేయవలసి వచ్చింది. ఈ సంగతి దాటవేసి వారి బలాన్ని మాత్రం పొగడటం న్యాయం కాదు.

ఈలోగా యుద్ధం తీరే మారిపోయింది. కుంపిణీవారు మద్రాసులో సిపాయిలను తయారుచేసిన పద్ధతి వేరు. ఒంటరి మల్లుని బలంతో వారికి పని లేదు. వందమంది ఒక్క అడుగు వేయాలి, ఒక్కసారి తుపాకి ఎత్తాలి. దానికి కవాతు కావాలి గాని కుస్తీ అక్కరలేదు. ఆ మద్రాసు సిపాయిలు క్లైవుతో వంగదేశం వెళ్లాక, ఉత్తరాదివారు సిపాయి అనేవానినల్లా 'తిలంగా' అని పిలిచారు. తెలుగు పేరు అంత దూరం వెళ్లింది గాని దానితో గరిడీ వెళ్లలేదు. 1799లో టిప్పు పడిపోయాడు. 1855లో తంజావూరు రాజ్యం ముగిసింది. కాయడానికి ఖజానాలు లేకపోయాయి.

అప్పుడు జెట్లు ఏమయ్యారు? ఒంటిలో ఏ కీలు ఎక్కడ తప్పుతుందో, ఏ నరం ఎక్కడ పడుతుందో వారికి తెలుసు. విరగగొట్టడం తెలిసినవానికి సరిచేయడమూ తెలుస్తుంది. మైసూరులో వారు ఎముకలు కట్టేవారుగా పేరుపడ్డారు. తెలుగు జిల్లాలలో నొప్పులకు తైలం మర్దన చేసేవారని థర్‌స్టనే చెప్పాడు. కొలువు పోయింది, విద్య ఇంటివైద్యంగా మారింది.

మరికొంత విద్య బడిలోకి చేరింది. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరంలో కసరత్తు నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, మళ్లీ విజయనగరంలోనే పిల్లలకు వ్యాయామం నేర్పారు. తరువాత సర్కసులో ఇనుపగొలుసులు తెంచి కలియుగ భీముడనిపించుకొన్నారు. ఆయన 1942లో కన్నుమూసినది ఒరిస్సాలోని బలాంగీరులో. అక్కడి మన సోదరులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

మైసూరులో మాత్రం పాత పరీక్ష ఇంకా జరుగుతున్నది. ఏటా విజయదశమినాడు, జంబూసవారి బయలుదేరకముందు, అంతఃపురపు ముంగిలిలో గుండు గీయించుకొన్న జెట్లు రెండు జోడీలుగా నిలుస్తారు. మైసూరు, బెంగుళూరు, చెన్నపట్ణ, చామరాజనగరాల నుంచి వస్తారు. పిడికిలికి వజ్రముష్టి తొడుగుతారు. దానికోసం నెలల ముందునుంచే గరిడీలో సాధన. పాయెస్ చూచిన పోటీలో కళ్లు పోయేవి. ఇక్కడ ఎవరి తలమీదనైనా ఒక్క నెత్తురుచుక్క కనబడగానే పెద్దలు ఆపివేస్తారు. చాలా సార్లు అరనిమిషం కూడా పట్టదు.