మూఢనమ్మకం, అపోహ: తప్పు నమ్మకాలకు తెలుగు పేర్లు

తప్పు నమ్మకానికి తెలుగులో పేర్లకు కొదవ లేదు. భ్రమ, భ్రాంతి, అపోహ, మూఢనమ్మకం, గుడ్డినమ్మకం, అంధవిశ్వాసం అన్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం గానీ ఇవి పర్యాయపదాలు కావు. మొదటి మూడూ పొరపాటు ఎక్కడ జరిగిందో చెబుతాయి, మిగిలినవి నమ్మినవాడి తెలివిని తూకం వేస్తాయి. ఆధునిక కాలంలో రెండో జట్టుదే పైచేయి అయింది. దానివల్ల నమ్మకాన్ని సరిదిద్దే పని సులువు కాలేదు, కష్టమైంది. పాత తార్కికులు పొరపాటును పొరపాటుగానే చూశారు. 17వ శతాబ్దపు తెలుగువాడిగా పేరున్న అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో అయథార్థానుభవాన్ని సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా విడదీశాడు. ముత్యపు చిప్పను చూసి వెండి అనుకోవడం విపర్యయం. న్యాయదర్శనం ప్రకారం ఆ మనిషి ఇంతకుముందు మరోచోట నిజంగానే వెండిని చూశాడు, ఇప్పుడు దాన్ని చిప్పకు అంటగట్టాడు. ఈ లెక్కలో ఎవరూ మూర్ఖులు కారు.

అపోహ కథ ఇంకా విచిత్రం. సంస్కృతంలో ఆ మాటకు తొలగించడం అని అర్థం. ఊహ అంటే ఒక ఆలోచనను ముందుకు తేవడం, అపోహ అంటే నిలవనిదాన్ని తోసెయ్యడం. 5, 6 శతాబ్దాల నాటి బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు అపోహ మీద ఒక సిద్ధాంతమే కట్టాడు: ఆవు అన్న మాట ఆవు కానివాటన్నిటినీ తోసేసి అర్థాన్నిస్తుందని. వేంగి దగ్గరి కొండ మీద ఆయన తర్కగ్రంథం రాశాడని చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ చెప్పాడు. అలాంటి మాట తెలుగులో తలకిందులైంది. తప్పును తోసెయ్యడానికి ఉన్న పేరు తప్పుకే పేరైంది, ఊహాపోహలంటే ఆధారం లేని గుసగుసలయ్యాయి. అయినా అందులో పాత మర్యాద కొంత మిగిలే ఉంది. ‘అది మీ అపోహ’ అంటే ఎదుటివాడు సర్దుకోవడానికి చోటుంటుంది, ‘అది మీ మూఢనమ్మకం’ అంటే గొడవే.

మూఢ అన్నదీ మొదట తిట్టు కాదు. దిఙ్మూఢుడు దిక్కు తోచనివాడే గానీ బుద్ధిలేనివాడు కాడు. దాని పక్కన నమ్మకం అనే అచ్చతెలుగు మాట చేర్చడాన్ని పాత వ్యాకర్తలైతే వైరిసమాసం అనేవారు. ఇదే మూఢ శబ్దం పంచాంగంలో మూఢమిగా కనిపిస్తుంది. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనబడకుండా పోయే రోజులు మూఢాలు. అక్కడి గణితం గట్టిదే, ఆ రోజుల్లో పెళ్లి చేస్తే కీడన్నదే నిలవదు. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌కు ఆద్యుడైన అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న సికింద్రాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌లోనూ మూఢం చూసుకుని ముహూర్తం పెట్టే ఇళ్లున్నాయి. సర్క్యూట్లు తెలిసినవాళ్లను మూఢులనడం వల్ల వారి నమ్మకం గురించి మనకు కొత్తగా తెలిసేదేమీ లేదు.

మెత్తటి మాటలు వాడితే దురాచారం బతికిపోతుందని సంస్కర్తల పక్షాన ఒక అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చేతబడి, బాణామతి అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చంపారు. దాన్ని అపోహ అని సరిపెట్టలేం. అయితే అక్కడ శిక్షించాల్సింది చేతను, బుద్ధిని కాదు. మహారాష్ట్ర అనుభవం ఇదే చెబుతుంది. అంధశ్రద్ధ నిర్మూలన పేరుతో మొదలైన బిల్లు ఏళ్ల తరబడి నలిగి, 2013లో చట్టమయ్యేసరికి పేరులో నరబలి, అమానుష, అఘోరీ ఆచారాలు, చేతబడి మిగిలాయి. అంధశ్రద్ధ పోయింది. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టినప్పుడు ఎంచుకున్న పేరు కూడా ఎవరినీ మూఢులనదు.

మాట మారితే నమ్మకం ఎలా తప్పించుకుంటుందో హైదరాబాద్ చేపమందు చూపిస్తుంది. మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఉబ్బసానికని కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తుంది. అందులో ఏముందో చెప్పాలని జనవిజ్ఞాన వేదిక వంటి సంఘాలు నిలదీశాయి, వ్యవహారం కోర్టులకెక్కింది. తర్వాత అది చేప ప్రసాదమైంది. మందైతే గుణమిచ్చిందా లేదా అని పరీక్ష పెట్టవచ్చు, ప్రసాదాన్ని పరీక్షించమని ఎవరడుగుతారు? మృగశిర వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో వరుసలు మాత్రం అలాగే కడుతున్నారు.