ఉజ్జీల నుండి వేలము వరకు

సాలూరు ప్రాంతపు పల్లెలలో సాయంవేళ చెడుగుడు ఆడబూనిన బాలురు బరి గీయుటకంటె ముందే ఉజ్జీలు కట్టుకొందురు. సరిసమానబలము గల యిరువురు దూరముగా బోయి, గుట్టుగా ఒకడు చింతయనియు నొకడు మామిడియనియు పేర్లు పెట్టుకొని, భుజములపై చేతులు వేసికొని నాయకులయెదుటికి వత్తురు; చింతను కోరినవానికి ఒకడు, మామిడిని కోరినవానికి వేరొకడు. బలిష్ఠులందరు నొక్కవైపే చేరినచో ఆట రక్తికట్టదని యెవరును చెప్పకయే యెరిగిన యీ బాలుర యేర్పాటునందే, నేడు కోట్ల రూపాయలతో నడచు క్రీడాసంఘముల వేతనపరిమితికి మూలసూత్రము నాకు గోచరించుచున్నది.

ధనముతో కూడిన పరిమితికి తొలినాటి ఉదాహరణములలో నొకటి ఇంగ్లండు ఫుట్‌బాలునందు కాననగును. 1885లో జీతమునకు ఆడుట ధర్మసమ్మతమైనది. 1888లో లీగు ఏర్పడినది. మహానగరముల సంఘములు చిన్నయూళ్ల ఆటగాండ్రను ధనబలముచే లాగికొనునను భయమున, 1901 నుండి వారమునకు 4 పౌన్లకు మించి యెవ్వనికిని ఈయరాదను నియమము అమలునకు వచ్చినది. సదుద్దేశముతో పుట్టినను ఆ నియమము అన్యాయమే; ఏలయన, వేలాదిజనులను మైదానమునకు రప్పించిన క్రీడాకారుని శ్రమఫలమునకే అది సంకెల వేసినది. జిమ్మీ హిల్ నాయకత్వమున ఆటగాండ్రు సమ్మెకు సిద్ధపడగా, అప్పటికి 20 పౌన్లకు చేరియున్న ఆ హద్దు 1961 జనవరిలో తొలగినది.

అమెరికావారి ఫుట్‌బాలు వేరొక క్రీడ. వారి పరిమితియు వేరు. 1994లో వారు వ్యక్తి జీతమునకు గాక జట్టు మొత్తపు జీతములకు 3 కోట్ల 46 లక్షల డాలర్ల హద్దు విధించిరి. ఒక్కని కెంతయైన నీయవచ్చును. కాని మొత్తము మీరరాదు. ఈ స్వల్పభేదముతో యాజమాన్యపు పని యంతయు మారిపోయి, ధనము గలవాని పెత్తనము పోయి, పంపకము తెలిసినవాని నేర్పు ప్రధానమైనది.

లారీలయూరైన సాలూరువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. సుంకి ఘాటీ నెక్కవలసిన బండికి ఇన్ని టన్నులని హద్దున్నప్పుడు, ఆ బరువంతయు నొకప్రక్కనే వేసినచో మొదటిమలుపులోనే బండి ఒరగును.

ఆ పద్ధతియే మనదేశమున చెడుగుడునకు వచ్చినది. 2014లో ప్రో కబడ్డీ లీగు ఆరంభమైనప్పుడు ఒక్కొక్క జట్టు వేలములో వెచ్చింపదగినది 60 లక్షలే; విశాఖపట్టణము నాశ్రయించి తెలుగు టైటాన్స్ జట్టు వెలసినది అప్పుడే. 2018 నాటికి ఆ మొత్తము 4 కోట్లయినది. ఇతరులు పాడిన తుదివెలను తామే చెల్లించి పాతయాటగానిని నిలుపుకొను వెసులుబాటుతో టైటాన్స్‌వారు 1 కోటి 29 లక్షలకు రాహుల్ చౌదరిని నిలుపుకొనిరి. 2023లో పరిమితి 5 కోట్లు కాగా, వారు పవన్ సెహ్రావత్ ఒక్కనికే 2 కోట్ల 60 లక్షల 50 వేలు పాడిరి. లీగు చరిత్రలో అంతవరకు అంతటి వెల యెవనికిని పలుకలేదు. పవన్ అద్వితీయుడైన కూతగాడనుటలో సందేహము లేదు. కాని కూతకు పోయినవాడు పట్టుబడి బరి వెలుపల కూర్చుండినప్పుడు ఎదుటివానిని పట్టవలసినవారు మిగిలిన 2 కోట్ల 39 లక్షల 50 వేలలోనే సమకూడవలెను గదా! ఆ యేట ఆడిన 22 పోటీలలో టైటాన్స్ గెలిచినవి రెండే, స్థానము చిట్టచివరిది. దోషము ఆటగానిది కాదు, పంపకమునది.

2025 వేలములో పవన్ తమిళ్ తలైవాస్ పక్షమునకు పోయెను. టైటాన్స్‌వారు 81 లక్షలకు భరత్ హూడాను తెచ్చుకొని, విజయ్ మలిక్‌ను నాయకునిగా నుంచి, కూతకును పట్టునకును ధనమును సర్దుకొనిరి. అంతటి పేరుగల వీరుడొక్కడును లేకయే ఆ జట్టు ఫైనలునకు ఒక్కమెట్టు దిగువవరకు చేరినది.

టైటాన్స్ యాజమాన్యమునకు నాదొక విన్నపము. వేలమునకు వెలుపల, స్వల్పవేతనమునకు, క్రొత్తగా వచ్చు యువకులను చేర్చుకొనుటకు లీగు నియమములలో తావున్నది. పరిమితికి లోబడి జట్టును బలపరచుకొనుటకు ఇంతకంటె చవుకమార్గము లేదు. విశాఖనుండి ఒక్కదినము వెచ్చించి సాలూరు, పాచిపెంట ప్రాంతములకు రండు; సాయంవేళ ఉజ్జీలు కట్టుకొనుచున్న బాలురను చూడుడు.