మే, షల్: రెండు మాటల తగవు

ఆంగ్లమున ‘మే’ యనగా చేయవచ్చును. ‘షల్’ అనగా చేసి తీరవలెను. కాని సచివాలయపు కాగితములలో ‘మే’ మర్యాద గల ఆజ్ఞయే. వివరములు పంపవచ్చునని పై యధికారి వ్రాసినచో పంపక యూరకుండు గుమాస్తా యెవడు? చిత్తుప్రతులలో నొకరు వ్రాసినది మరియొకరు కొట్టివేయు ఈ నిత్యపు చికాకు 1963లో పార్లమెంటు కెక్కినది.

ఆ యేటి అధికార భాషల చట్టము, 1965 జనవరి 26 తరువాత కూడ హిందీతోబాటు ఆంగ్లము ‘కొనసాగవచ్చు’ ననెను. ‘షల్’ అని వ్రాయుడని హిందీయేతర ప్రాంతముల సభ్యులు పట్టుబట్టిరి. ‘మే’ యన్నను భావమదియేనని నెహ్రూ నచ్చజెప్పెను. 1959లోనే ఆయన సభకు మాట యిచ్చియుండెను, నిజమే. న్యాయస్థానము చదువునది చట్టమును గదా! ఆయన 1964లో గతించెను. మరుసటి యేడు మద్రాసు రాష్ట్రము భగ్గుమన్నది. కారణము ఆ యొక్క మాటయే కాదు గాని, ప్రాణములు పోయినవి. కేంద్రమంత్రులు సుబ్రహ్మణ్యం, అళగేశన్ రాజీనామాలు సమర్పించిరి.

1967 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ, హిందీని స్వీకరింపని రాష్ట్రములతో కేంద్రము జరుపు ఉత్తరప్రత్యుత్తరములలో ఆంగ్లము వాడి తీరవలెననెను. ఆ రాష్ట్రముల శాసనసభలన్నియు, పిమ్మట పార్లమెంటు ఉభయసభలును తీర్మానించువరకు ఈ యేర్పాటు తొలగదనెను. అక్కడ ‘షల్’ నిలిచినది. మొదటి వాక్యములోని ‘మే’ మాత్రము నేటికిని చెక్కుచెదరలేదు.